బ్యాట్ ఎందుకు పారేశాడు

మా కాలేజీలో నవల పాఠం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు నోట్సు చెబుతాం, తర్వాత పరీక్షకు వచ్చే ప్రశ్నలు చెబుతాం, టైము మిగిలితే నవల చదువుతాం. టైము ఎప్పుడూ మిగలదు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. నాకూ ఇలాగే చెప్పారు, నేనూ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. బెజవాడలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివి ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్ళలో నవలలు చదివిన వాళ్ళు ఎంతమందని మాత్రం నన్ను అడక్కండి.

ఈ నోట్సు విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు పేరు. పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఏ జిరాక్స్ షాపులో అడిగినా నా నోట్సు దొరుకుతుంది. దాని మీద నా పేరు ఉండదు కానీ ఒక్క వాక్యం చదివితే చాలు, నాదేనని తెలిసిపోతుంది. వేరే కాలేజీ పిల్లలు కూడా కొనుక్కుంటారు. ఆ సంగతి నలుగురిలో ఎవరో ఒకరు ఎత్తేదాకా నాకు తోచేది కాదు, ఎవరూ ఎత్తకపోతే నేనే ఎత్తేదాన్ని.

ఫైనలియర్ వాళ్ళకి ఒక అమెరికా నవల ఉంది. ఎప్పుడూ ఓడిపోయే ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టు, అందులో ఆడే ఒక మిల్లు కూలీ కథ. చివరి అధ్యాయంలో ఆ కూలీ బంతిని బలంగా కొట్టి, బ్యాట్ పారేసి పరిగెడతాడు. నవల మొత్తంలో నాకు కంఠతా వచ్చిన చోటు అదొక్కటే. దాని మీద నా నోట్సులో ఒక పేరా ఉంది. కూలీ బ్యాట్‌ను పారేయడం అతని కోపమనీ, తనను వాడుకుని వదిలేసిన సమాజం మీద తిరుగుబాటనీ రాయించేదాన్ని. చెబుతుంటే నా గొంతు కూడా వణికేది.

ఇందులో అనుమానపడాల్సింది ఏముంది? మనం పుట్టిన దగ్గర్నుంచీ చూసింది క్రికెట్. క్రికెట్‌లో పరిగెత్తేవాడి చేతిలో బ్యాట్ ఉంటుంది, గీత దాటేది దాంతోనే. ఎవడైనా దాన్ని పారేశాడంటే వాడికి తిక్క రేగిందని మన ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కనక నాకు అనుమానం రాలేదు, రాసుకున్న పిల్లలకు రాలేదు, పేపర్లు దిద్దిన వాళ్ళకూ రాలేదు. ఏటేటా ఆ తిరుగుబాటుకు మంచి మార్కులు పడుతూనే ఉన్నాయి.

ఆ పేరా విన్న రోజున ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. వాళ్ళ నాన్న వేటకు వెళతాడు, వాళ్ళమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు వెళుతుంది. ఈ సంగతి అప్పటికి నాకు తెలియదు. హాస్టల్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో వాళ్ళది బిజినెస్ అని చెప్పుకునేది.

"మేడమ్, మా అమ్మ కూడా ఒకసారి ఇట్లాగే చేసిందండీ" అంది. బజార్లో దళారీతో రేటు దగ్గర మాటా మాటా పెరిగిందట. ఉన్నట్టుండి వాళ్ళమ్మ తట్టని కింద పడేసి, మట్టిలో పడ్డ చేపల వైపు చూడకుండా ఇంటికి వచ్చేసిందట. పక్కనే ఉన్న తను, జనం నవ్వుతుంటే సిగ్గుతో ఏడ్చేసిందట.

"ఇన్నాళ్ళూ అది తల్చుకుంటే ఎట్లాగో ఉండేదండీ. మీరు చెప్పాక అనిపించిందండీ, అది తిరుగుబాటే కదండీ?"

"అచ్చంగా అదేనమ్మా" అన్నాను.

దాని మీద పేపరు రాయమన్నాను. గుంటూరులో ఒక కాలేజీవాళ్ళు విద్యార్థుల సెమినార్ పెడుతున్నారు, దానికి పంపిద్దామన్నాను. మొదటి చిత్తు ప్రతిని క్లాసులో చదివించాను. తట్ట, చేపలు, వాళ్ళమ్మ, అన్నీ అందరి ముందూ బయటికొచ్చాయి. హాస్టల్ పిల్లలు ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ అమ్మాయి కూర్చునేటప్పుడు నడుం నిటారుగా ఉంది. నా కళ్ళు చెమర్చాయి. అందులో సగం నీళ్ళు నా గొప్పతనాన్ని చూసుకుని వచ్చినవేనని ఇప్పుడు నాకు తెలుసు.

పేపరు ఎంపికైంది. ఇంతలో మా ప్రిన్సిపాల్ గారికి ఒక కోరిక పుట్టింది. ఈసారి నవలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా క్లాసులో చదివించాలట. "ఆట తెలియకుండా ఏం చదువుతారు మేడమ్? ముందు ఆ బేస్‌బాల్ ఏంటో ఒక క్లాసులో చెప్పి మొదలుపెట్టండి" అన్నారు. అంతకంటే సులువైన పనేముంది, ఒక వీడియో చూస్తే సరి అనుకున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక గుణదలలో మా ఇంట్లో టీవీకి ఫోను తగిలించి కూర్చున్నాను. మావారు బ్యాంకు ఉద్యోగి, క్రికెట్ పిచ్చి మనిషి. పడక్కుర్చీ లాక్కుని ఆయనా చేరారు. మొదటివాడు బంతి కొట్టాడు, బ్యాట్ పడేశాడు, పరిగెత్తాడు.

"అదేంటోయ్, బ్యాట్ పారేశాడు?" అన్నారు.

"కోపం" అన్నాను. "వ్యవస్థ మీద."

రెండోవాడు పారేశాడు. వాడి తర్వాతివాడూ పారేశాడు. ఇంకొకడు నవ్వుతూ పారేశాడు. తర్వాతి వీడియోలో బడిపిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు చప్పట్లు కొడుతుంటే ముద్దుగా పారేసి పరిగెత్తారు.

"అందరికీ కోపమేనా? ఆ బుడ్డదానికి కూడానా?"

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అని అరిచాను. ఆయన పాపం నిజంగానే మూసుకున్నారు.

ఆ ఆటలో బంతి తిన్నగా ముందుకు కొడితే పరిగెత్తి తీరాలి. క్రికెట్‌లో లాగా కొట్టి నిలబడతానంటే కుదరదు. ఫీల్డరు బంతి పట్టుకుని, మూలన మెత్తలాగా ఉండే మొదటి బేస్ తొక్కేలోగా మనం దాన్ని చేరాలి. అంత తొందరలో అంత బరువు చేత్తో పట్టుకుని ఎవడూ పరిగెత్తడు. కనక పడేస్తాడు. అందరూ పడేస్తారు. అందులో కోపం లేదు, తిరుగుబాటు లేదు, నా గొంతు వణకాల్సినంత విశేషం ఏమీ లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. మొదట గుర్తొచ్చింది ఆ అమ్మాయే అని రాయాలని ఉంది. కాదు. మొదట జిరాక్స్ షాపులు గుర్తొచ్చాయి. తర్వాత మా స్టాఫ్ రూములో ఎవరెవరు ఎట్లా నవ్వుతారో ఒక్కొక్కరి ముఖమూ కనిపించింది. ఆ అమ్మాయి ఆ తర్వాత గుర్తొచ్చింది. గుర్తు రాగానే ఆమెను సాకుగా గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు ఈ నిజం చెబితే పిల్ల గుండె పగలదూ? వాళ్ళమ్మ గురించి మొదటిసారి తలెత్తి మాట్లాడింది, ఆ తలను నా చేత్తో నేనే వంచనా? ఇలా అనుకునేసరికి నేను నోరెత్తకపోవడం జాలిగుణంలాగా కనిపించింది. హాయిగా ఉంది.

ఇక పథకం. క్లాసు తప్పదు, ఆట చెప్పక తప్పదు. చెబుతాను, ఆ ఒక్కటి తప్ప అన్నీ చెబుతాను. "వీడియోలు చూడకండి, ఆడి నేర్చుకుందాం" అని ప్రకటించాను. హాస్టల్ పిల్లల ఫోన్లు ఎలాగూ ఆదివారం దాకా వార్డెన్ దగ్గరే ఉంటాయి. ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు చదువు కోసం వీడియో చూసేంత శ్రమ పడరని నాకు గట్టి నమ్మకం. పిల్లలు మాత్రం కేరింతలు కొట్టారు. మేడమ్ కొత్త పద్ధతి పెట్టారని ప్రిన్సిపాల్ గారు మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

పటమటలో వడ్రంగి చేత గుండ్రటి తుమ్మకర్ర చేయించాను. హాస్టల్ వంటింట్లోంచి ఖాళీ బియ్యం సంచులు తెప్పించి ఇసుక నింపించాను. కాలేజీ వెనక త్రోబాల్ కోర్టు పక్కన ఆ సంచుల్ని నాలుగు మూలలా పెట్టించి, పిల్లల్ని వాటి చుట్టూ తిప్పుతూ చెప్పాను. ఇది ఇల్లు, బంతి ఇక్కడ కొడతారు. అది మొదటి బేస్, అది రెండు, అది మూడు. చుట్టి మళ్ళీ ఇంటికి వస్తే ఒక పరుగు. విసిరేవాడు మధ్యలో ఉంటాడు. మంచి బంతిని మూడుసార్లు వదిలేస్తే అవుట్, గాల్లో పట్టుకుంటే అవుట్. పిల్లలు చున్నీలు నడుముకు బిగించారు.

"ఫోర్ పోతే పరిగెత్తక్కర్లేదు కదండీ?" అని ఒకమ్మాయి.

"ఫోర్లు లేవు. పరిగెత్తాల్సిందే" అన్నాను. ఆ తర్వాత, ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి, వేలు చూపిస్తూ చెప్పాను. "ఒకటి గుర్తుపెట్టుకోండి. బ్యాట్ చేతిలోనే ఉండాలి. వదిలితే అవుట్."

పిల్లలు నమ్మారు. నమ్మకుండా ఎందుకుంటారు, చెప్పింది నేను. ఆ తుమ్మకర్రతో పరిగెత్తడం చూడాలి మీరు. ఒకమ్మాయికి మోకాలి మీద తగిలి కుంటింది. ఒకమ్మాయి దాన్ని బిందెలాగా చంకన పెట్టుకుని పరిగెత్తింది. ఒక్కరు కూడా బంతి కంటే ముందు మొదటి సంచి చేరలేదు.

"అమెరికా వాళ్ళు ఎట్లా పరిగెడతారండీ ఇంత బరువుతో?" అని కుంటుతున్న అమ్మాయి అడిగింది.

"వాళ్ళ తిండి వేరమ్మా" అన్నాను.

అప్పుడు బందరు అమ్మాయి వంతు వచ్చింది. బంతిని తగలాల్సిన చోట తగిలించింది. రెండడుగులు వేసింది, కర్ర కాళ్ళకు అడ్డం పడింది, ఆమె చెయ్యి దాన్ని వదిలేసింది. నేను కళ్ళారా చూశాను. ముఖంలో ఏ కోపమూ లేదు, ముఖం మొత్తం ఆ సంచి మీదే ఉంది. పరిగెత్తి దాన్ని తొక్కింది. ఆ రోజు సంచి చేరిన మొదటి మనిషి ఆమే. పిల్లలంతా అరిచారు.

నేను విజిలేశాను. "అవుట్! బ్యాట్ వదిలేశావు."

"సారీ అండీ" అని వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ కర్ర దగ్గర ఆగింది. దాన్ని చూసింది, సంచిని చూసింది, మళ్ళీ కర్రను చూసింది. పీరియడ్ అయిపోయి అందరూ వెళ్ళాక కర్ర పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"మేడమ్, ఒక డౌట్ అండీ. నవల్లో ఆయనకి కోపం రాలేదేమోనండీ. చేతిలో ఉంటే కాళ్ళు సాగట్లేదండీ. నాకు కోపమేం లేదు కదండీ, నేనూ పడేశాను కదండీ."

నేను వంగి సంచి మీది ఇసుక దులిపాను.

"ఆ ఆటలో అందరూ పడేస్తారేమోనండీ. మీకు ముందే తెలుసాండీ?"

ఆ ప్రశ్నలో నిలదీయడం లేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. చెప్పేయడానికి అంతకంటే తేలికైన క్షణం నాకు దొరికి ఉండేది కాదు. అక్కడ ఇంకెవరూ లేరు.

"తెలియదమ్మా" అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. పేపరు పోయిందని, వాళ్ళమ్మ తిరుగుబాటు కూడా పోయిందని ఆమెకు అర్థమవుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. అయినా ముందు నన్నే ఓదార్చింది. "పోన్లెండి మేడమ్. ఇద్దరికీ ఇవాళే తెలిసింది."

నేను అక్కడితోనైనా ఆగలేదు. "నువ్వు రాసింది మార్చకు. అక్కడ జడ్జీలు కూడా క్రికెట్ చూసేవాళ్ళే, ఎవరికీ తెలియదు" అన్నాను.

"తెలిసీ ఎట్లా చదువుతానండీ?" అంది. నన్ను అనాలని అన్నది కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాక అడిగింది.

ఇంటికి వెళ్ళి భోజనం చేయలేదు. మావారు అడిగితే తలనొప్పి అన్నాను. అబద్ధం మీద అబద్ధం, అదేదో నాకు కొత్తగా వచ్చిన జబ్బులాగా వరసగా వచ్చేస్తున్నాయి.

మరుసటి సోమవారం ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. ఆదివారం ఫోను చేతికి రాగానే వాళ్ళమ్మకు చేసిందట. ఆ రోజు తట్ట ఎందుకు పారేశావని ఇన్నేళ్ళకు మొదటిసారి అడిగిందట. ఆమె వాళ్ళమ్మ మాటలు వాళ్ళమ్మ గొంతుతోనే చెప్పింది. "కోపమా? నాకు కోపాలు వత్తే ఇల్లు గడుత్తాదే? ఆ రోజు మెడ పట్టేసింది. తట్ట దింపబోతే జారిపోయింది. మట్టి కొట్టుకుపోయిన చేపలకి ఇంకేం బేరం, వచ్చేశా."

చెప్పి, నవ్వబోయి ఆగిపోయింది. "మెడ నొప్పని ఆ రోజు మాకెవరికీ చెప్పలేదండీ. నేను పక్కనే ఉన్నానండీ. సిగ్గుతో ఏడ్చాను గానీ, ఏమైందమ్మా అని అడగలేదండీ."

పేపరు మొత్తం మళ్ళీ రాస్తానంది. నేను దిద్దనా అంటే, "ఈసారి నేనే రాసుకుంటానండీ, మీకెందుకు శ్రమ" అంది. నా మంచి కోసమే అంది.

గుంటూరుకు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బ్యారేజీ దాటుతున్నప్పుడు ఆమె కిటికీలోంచి నీళ్ళను చూస్తూ పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటోంది. ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. చదవబోయే ముందు మనసు పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం నాకు సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లిష్ లిటరేచర్ నాకు నేర్పింది అదేనేమో.

హాలు నిండుగా ఉంది. ముందు వరసలో లెక్చరర్ల మధ్య కూర్చున్నాను. ఆమె ఇంగ్లిష్‌లో, తొందర పడకుండా చదివింది. ఆట తెలియని వాళ్ళకు ఆడేవాళ్ళ ప్రతి పనీ కోపంలాగా కనిపిస్తుందని మొదలుపెట్టింది. కూలీ బ్యాట్ పడేసింది పరిగెత్తడానికని, తను దాన్ని తిరుగుబాటు అనుకున్నానని చెప్పింది. వాళ్ళమ్మ తట్ట సంగతి చెప్పింది. చిన్నప్పుడు దాన్ని చూసి సిగ్గుపడ్డాను, పెద్దయ్యాక దాన్ని చూసి గర్వపడ్డాను, రెండుసార్లూ అమ్మ మెడను చూడలేదు అంది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి, నా వైపు తిరిగి, తెలుగులో చెప్పింది. "ఇది నాకు మా మేడమ్ గారి వల్ల తెలిసిందండీ. ఆవిడకీ ఈ ఆట తెలియదండీ. తెలియదని దాచుకోకుండా మాతోపాటు ఎండలో నిలబడి నేర్చుకున్నారండీ. అట్లాంటి టీచర్లు ఉండరండీ."

చప్పట్లు మోగాయి. వెనక వరసల వాళ్ళు కూడా నన్ను చూడాలని తలలు ఎత్తారు. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని లేవదీసింది. నేను లేచి, హాలంతా తిరిగి చూస్తూ నమస్కారం పెట్టాను. వెంటనే తల దించుకుని కూర్చుంటే వాళ్ళు అది వినయమనుకున్నారు.

మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. బయట టీలు తాగుతుంటే జనాన్ని తప్పించుకుని నా దగ్గరకు వచ్చింది.

"బాగా చదివానాండీ?"

"చాలా బాగా చదివావమ్మా."

"మీ గురించి చెప్పింది సరిగ్గానే ఉందాండీ? మిమ్మల్ని అడగకుండా చెప్పేశాను."

తనకు తెలియకుండానే ఆ అమ్మాయి నాకు ఇంకొక అవకాశం ఇచ్చింది. చుట్టూ లెక్చరర్లు నన్నే చూస్తూ నవ్వుతున్నారు.

"సరిగ్గానే ఉంది" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టి, వంగి నా కాళ్ళకు దండం పెట్టబోయింది. నేను గబుక్కున వెనక్కి జరిగాను. "వద్దమ్మా, నాకు ఇట్లాంటివి అలవాటు లేదు" అన్నాను. అదీ అబద్ధమే. పరీక్షల ముందు ఏటా క్లాసు మొత్తం వరసగా వచ్చి పెడుతుంది, నేను కదలకుండా నిలబడి పెట్టించుకుంటాను.